ఆకు తెల్లబడిందని ఫోటో వస్తే: వరిలో ఆకుముడత పురుగు

ఆడియో విన్నవాళ్ళలో కొందరు, ముఖ్యంగా గల్ఫ్‌లో క్యాంపుల్లో ఉండి వినేవాళ్ళు, మందుల పేర్లు, కొలతలు సరిగ్గా వినపడలేదు, రాసి పెట్టండి అన్నారు. అందుకే నేను మాట్లాడింది ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడినట్టే ఉంచాను. కొలతలు మాత్రం ఇంకోసారి సరిచూసుకున్నాను.

ముందే ఒక మాట. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, తొమ్మిదేళ్ళు దుబాయ్‌లో ఉండి, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో బిల్డింగ్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మాది జగిత్యాల జిల్లా. ఊళ్ళో రెండెకరాల ఇరవై గుంటలు వరి ఉంది. నేనిక్కడ, తమ్ముడు మస్కట్‌లో. పొలం చూసేది మా అమ్మ, మా మరదలు. వినే మీలో చాలామందిది ఇదే కథ అని నాకు తెలుసు. పైసలు పంపేది మనం, బురదలో దిగేది వాళ్ళు, ఏ మందు కొట్టాలో చెప్పేది మాత్రం ఇంకెవడో.

రెండేళ్ళ కింద వానాకాలం, ఆగస్టు నెల. నాట్లేసి ఇరవై ఐదు రోజులు అయ్యుంటుంది. ఇక్కడ స్మోకో టైమ్, అంటే పొద్దున టీ బ్రేక్. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకు తెలుసు కదా ఆ మాట. ఫోన్ తీస్తే వాట్సాప్‌లో మా మరదలు పెట్టిన ఫోటో. గట్టు మీద నిలబడి తీసింది. వరి ఆకుల మీద తెల్లటి చారలు, కొన్ని ఆకులు గొట్టంలా ముడుచుకుని ఉన్నాయి. కింద వాయిస్ మెసేజ్. “బావా, పొలమంత తెల్లగైతున్నది. దుకాణాయన మూడు మందులు కలిపి కొట్టాలె అంటున్నడు. నాలుగు వేల ఎనిమిది వందలు అయితయట. ఇయ్యాల్నే కొట్టాలెనట.”

నేనేం చేశాను? ఫోటోను పెద్దది చేసి చూశాను. భయమేసింది. పది నిమిషాల్లో డబ్బు పంపాను. అప్పుడు నాకు తెలివైన పనే అనిపించింది.

ఆ మూడింట్లో ఒకటి సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, ఒకటి టానిక్, మూడోది ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు. డబ్బా పారేశారు. మందు కొట్టడానికి ఒక పిల్లగాడిని కూలికి పెట్టుకున్నారు. డ్రమ్ములో మందు కలిపింది మా అమ్మ. చేతికి తొడుగు లేదు, ముఖానికి గుడ్డ లేదు. కర్ర దొరక్క చేత్తోనే కలిపింది. ఆ సాయంత్రం తల తిరిగి, వాంతులై, ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంది. మర్నాడు లేచింది, దేవుడి దయ. నాకు రెండు రోజుల తర్వాత గానీ చెప్పలేదు. ఇక్కడ నా సైట్‌లో ఎపాక్సీ డబ్బా మూత తీయాలంటే ముందు దాని సేఫ్టీ డేటా షీట్ చదివిస్తాను, సంతకం పెట్టిస్తాను, గ్లవ్స్ లేనివాణ్ణి వెనక్కి పంపిస్తాను. మా అమ్మ విషం డ్రమ్ములో చెయ్యి పెట్టడానికి డబ్బు పంపింది కూడా నేనే.

కథ అక్కడితో అయిపోలేదు. ఆకుముడత తగ్గినట్టే తగ్గింది. నలభై రోజుల తర్వాత, పొట్ట దశలో సుడిదోమ వచ్చింది. పొలం మధ్యలో సుడులు సుడులుగా ఎండింది. అది ఎందుకొచ్చిందో తర్వాత పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానానికి పోయి అడిగితే తెలిసింది. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు సాలీళ్ళను, దోమ గుడ్లను తినే చిన్న చిన్న మిత్ర పురుగులను ముందు చంపేస్తాయి. దోమ గుడ్లు మాత్రం వరి ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి, వాటికి మందు తగలదు. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు ఎవడూ లేడు. కాపలావాణ్ణి మనమే కొట్టి చంపి దొంగకు తలుపు తీసినట్టయింది.

సరే, ఇప్పుడు అసలు పురుగు దగ్గరికి వద్దాం.

ఆకుముడత పురుగు తల్లి ఒక చిన్న రెక్కల పురుగు. గడ్డి రంగు రెక్కలు, వాటి మీద నల్లటి వంకర గీతలు. పొలంలో నడుస్తుంటే కాళ్ళ ముందు చిన్నగా ఎగిరి మళ్ళీ ఆకు మీద వాలుతుంది. అది ఆకుల మీద, ఎక్కువగా ఈనె వెంబడి గుడ్లు పెడుతుంది. నాలుగు నుంచి ఏడు రోజుల్లో గుడ్డు నుంచి లేత ఆకుపచ్చ పురుగు వస్తుంది. అది నోటితో దారం తీసి ఆకు రెండంచులనూ కుట్టేసి, గొట్టం చేసుకుని లోపల కూర్చుంటుంది. లోపలి నుంచి పచ్చదనాన్ని గీకి తింటుంది. పైన పల్చటి పొర మాత్రం మిగులుతుంది. మనకు తెల్లటి చార కనిపించేది అదే. రెండు మూడు వారాలు తిని అక్కడే ప్యూపా అవుతుంది. గుడ్డు నుంచి మళ్ళీ రెక్కల పురుగు దాకా మొత్తం ఒక నెల లెక్క.

మరి తెల్ల చార కనిపించిన ప్రతి ఆకూ ఆకుముడతేనా? కాదు. ఇక్కడే చాలామంది మోసపోతారు.

ఆకు ముడుచుకోకుండా, ఆకు మీద సన్నటి తెల్ల గీతలు సమాంతరంగా ఉండి, ముళ్ళున్న నీలి నలుపు చిన్న పెంకు పురుగు కనిపిస్తే అది హిస్పా. కొన్ని ఊళ్ళలో తాటాకు తెగులు అంటారు. ఆకు కొన ముక్కను కత్తిరించుకుని, చిన్న గొట్టంగా చేసుకుని నీళ్ళ మీద తేలుతుంటే అది ఇంకో పురుగు, దానికి పొలంలో నీళ్ళు తీసేస్తే చాలావరకు సరిపోతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు పచ్చగా మారి ఎండుతుంటే అది పురుగే కాదు, బాక్టీరియా ఎండాకు తెగులు. దానికి పురుగుమందు కొడితే డబ్బు నీళ్ళలో పోసినట్టే. కాబట్టి ఇంటి నుంచి ఫోటో వస్తే మొదట అడగాల్సింది: ముడత విప్పి చూశావా? లోపల పురుగుందా?

ముడత విప్పితే మూడు సంగతులు తెలుస్తాయి. బతికున్న ఆకుపచ్చ పురుగుందా. గోధుమ రంగు ప్యూపా మాత్రమే ఉందా. లేక ఉత్త పెంట తప్ప ఏమీ లేదా. రెండోది, మూడోది అయితే ఆ ఆకు మీద జరగాల్సింది జరిగిపోయింది. ఇవాళ మందు కొడితే ఆ ఆకు మళ్ళీ పచ్చగా అవ్వదు. తెల్లటి చార పాత గాయం. లెక్క పెట్టాల్సింది గాయాలను కాదు, లోపల బతికున్న పురుగులను.

నాకు అప్పుడు ఇది తెలీదు. ఇంకో సంగతి కూడా తెలీదు. ఆ ఫోటో తీసిన చోట గట్టు మీద పెద్ద వేపచెట్టుంది. నీడ పడే మూలల్లో, యూరియా ఎక్కువ పడి ముదురాకుపచ్చగా ఉన్న చోట ఆకుముడత ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మా మరదలు గట్టు మీద నిలబడి తీసింది కాబట్టి పొలంలో అన్నిటికన్నా చెడ్డ మూలే నా ఫోన్‌లోకి వచ్చింది. లోపల ఎట్లుందో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు, దుకాణాయనకు అసలే తెలీదు. ఆయన షాపు దాటి రాలేదు కదా.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా కంపెనీ పని మీద మూడు వారాలు లీటన్, గ్రిఫిత్ వైపు వెళ్ళాను. మెల్‌బోర్న్ నుంచి కారులో ఐదు గంటల పైనే. ఆస్ట్రేలియాలో వరి ఎక్కువగా పండేది అక్కడే, న్యూ సౌత్ వేల్స్‌లోని రివరీనా ప్రాంతం. ఎడారిలాంటి ఎర్రనేల మధ్య కాలువ నీళ్ళతో పచ్చటి వరి చూస్తే మన కాకతీయ కాలువ కింద పొలాలు గుర్తొచ్చి కాసేపు కారు పక్కకు ఆపేశాను. అక్టోబరులో విత్తి, మార్చి నుంచి మే దాకా కోస్తారు. కొందరు విమానంతో విత్తనం చల్లుతారు. హెక్టారుకు సుమారు 10 టన్నుల దిగుబడి, ప్రపంచంలోనే ఎక్కువ దిగుబడుల్లో ఒకటి.

అక్కడ మన ఆకుముడత లేదు. ఈ దేశంలో అది ఉండేది ఉత్తరాన వేడి ప్రాంతాల్లో. రివరీనాలో ఆకు తినేది, కంకి కత్తిరించేది వేరే పురుగు, ఆర్మీవార్మ్ అంటారు. మన దగ్గర కంకి కత్తిరించే పురుగుకు దగ్గరి చుట్టం. మా పని జరిగే చోటు పక్కనే ఒక రైతు ఉండేవాడు, అరవై దాటిన మనిషి. ఆయన ఒక సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని వరి మొదళ్ళ దగ్గర చేత్తో దువ్వి, పురుగులు లెక్కపెట్టి, చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. వందల ఎకరాల ఆసామి. డబ్బుకు కొదవ లేదు. ఫోన్ చేస్తే విమానం వచ్చి మందు చల్లిపోతుంది. “ఎందుకు లెక్కపెడుతున్నావు, కొట్టించేయొచ్చు కదా” అన్నాను. విమానం బిల్లు ఎవరు కడతారు, నువ్వు కడతావా అని నవ్వాడు. మళ్ళీ రెండు రోజులకు వచ్చి లెక్కపెట్టాడు. నేనున్నన్ని రోజులూ మందు కొట్టలేదు.

నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నా. అంత ఆసామి వంగి లెక్కపెడుతున్నాడు. రెండెకరాల ఇరవై గుంటల వాణ్ణి నేను, లెక్క లేకుండా డబ్బు పంపించాను.

ఇదేమీ ఒక్క ముసలాయన అలవాటు కాదు. ఇర్రి అని పిలిచే అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవాళ్ళు 1994లో వియత్నాం మెకాంగ్ డెల్టాలో రైతులతో ఒక ప్రచారం మొదలుపెట్టారు. విత్తిన మొదటి నలభై రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టొద్దు, నమ్మకం లేకపోతే మీ పొలంలోనే ఒక ముక్క కొట్టకుండా వదిలి చూడండి అన్నారు. రేడియోలో చిన్న నాటకాలు కూడా వేశారు. రైతులు కొట్టే మందు దాదాపు సగానికి తగ్గింది, దిగుబడి పడిపోలేదు. కారణం తేలిక. పిలకలు వేసే దశలో వరికి ఆకులు పుట్టించే శక్తి చాలా ఎక్కువ. నాలుగు ఆకులు పోతే కొత్తవి వేస్తుంది. భయపెట్టేంత తెల్లగా కనిపించినా గింజ దాకా ఆ నష్టం చేరదు. కానీ పొట్ట దశ దాటాక అట్ల కాదు. అప్పుడు పోటాకు, దాని కింది ఆకులే గింజకు తిండి పెట్టేవి. అవి తెల్లబడితే గింజ తాలు పోతుంది. కాబట్టి ఎంత పురుగు అన్నదే కాదు, పైరు ఏ దశలో ఉందన్నది కూడా చూడాలి.

ఇప్పుడు మా ఇంట్లో పాటించే పద్ధతి చెప్తాను. పోయిన వానాకాలం నుంచి మొదలుపెట్టాం.

మా మరదలు పొలం లోపలికి దిగి, గట్టుకు దూరంగా, చెట్టు నీడ లేని చోట కూడా, ఐదు చోట్ల నాలుగేసి దుబ్బులు చూస్తుంది. మొత్తం ఇరవై. ప్రతి దుబ్బులో ముడతలు విప్పి, బతికున్న పురుగున్న ముడతలు ఎన్నో లెక్కపెట్టి నాకు ఒక్క అంకె పంపుతుంది. ఇరవైతో భాగిస్తే దుబ్బుకు ఎన్నో తెలుస్తుంది. మా ఏఈఓ చెప్పిన లెక్క ఇది: పిలకల దశలో దుబ్బుకు రెండు దాటితే ఆలోచించాలి, పొట్ట దశ నుంచి ఒకటి దాటితే ఆలోచించాలి. అంతకన్నా తక్కువుంటే డబ్బు జేబులోనే ఉంచుకుని, నాలుగైదు రోజులకు మళ్ళీ చూడాలి.

మొదటిసారి చేసినప్పుడు ఆమె అన్న మాట: “నీకేం బావా, ఏసీల కూసోని ఇరవై దుబ్బులు చూడుమంటవు. జలగలు ఎవరికి పట్టాలె?” నాకు ఏసీ లేదు, ఆ రోజు పైకప్పు మీద నలభై డిగ్రీల ఎండలో ఉన్నాను అని చెప్తే నమ్మలేదు. ఆగస్టులో మెల్‌బోర్న్‌లో చలికాలం అని ఆమెకు తెలుసు మరి. (నవ్వు) అబద్ధం దొరికిపోయింది.

ఆ రోజు ఇరవై దుబ్బులకు వచ్చిన అంకె 11. అంటే దుబ్బుకు సగం కంటే కాస్త ఎక్కువ. నాట్లేసి ముప్పై రోజులు. గట్టు మీద నుంచి చూస్తే రెండేళ్ళ కిందటి ఫోటోకు ఏమీ తేడా లేదు. పక్క పొలంవాళ్ళు కొట్టేశారు. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పంట పోగొడుతున్నానని. మేం మందు కొట్టలేదు, కానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు కూడా.

ఒకటి, రెండో దఫా యూరియా ఆపాం. పురుగు తగ్గేదాకా ఆగి, తర్వాత కొద్దికొద్దిగా వేశాం. ఆకుముడతకు యూరియా పాయసం లాంటిది. రెండోది, తాడు లాగడం. పొలంలో నీళ్ళుంచి, ఇద్దరు రెండు గట్ల మీద నిలబడి పొడవాటి తాడును ఆకుల మీద రాసుకుంటూ పోయేలా లాగుతారు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. ముడతలు విచ్చుకుని పురుగులు నీళ్ళలో పడతాయి. మా తాతల కాలంలో రేగు కంప లాగేవాళ్ళు, అదే పని. తాడు లాగిన పొద్దున కొంగలు పిలవకుండానే వచ్చాయని మరదలు వీడియో పెట్టింది. ఒక జాగ్రత్త: పొలంలో ఎండాకు తెగులు ఉంటే తాడు లాగొద్దు. ఆకులకు గీతలు పడి తెగులు ఇంకా పాకుతుంది. పైరు పొట్టకొచ్చాక కూడా వద్దు.

ట్రైకోగ్రామా కార్డులు కూడా దొరికితే మంచిదే. అది కంటికి కనిపించనంత చిన్న కందిరీగ జాతి పురుగు, ఆకుముడత గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. మాకు ఆ టైంలో దొరకలేదు.

వారం తర్వాత అంకె 7. మా అమ్మ మాట్లాడింది.

ఇక్కడ ఆపేస్తే, అసలు మందే వద్దని చెప్తున్నానని అనుకుంటారు. కాదు. సెప్టెంబర్ చివర్లో, పొట్ట దశలో అంకె 26 వచ్చింది. దుబ్బుకు ఒకటి దాటింది. ముసురు పట్టి, మబ్బుగా ఉన్న రోజులు. పోటాకు మీదే ముడతలు. ఆ రోజు డబ్బు పంపాను, ఆలస్యం చేయలేదు. ఏఈఓను అడిగి క్లోరాంట్రానిలిప్రోల్ ఒక్కటే తెచ్చాం, లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు, ఎకరాకు 200 లీటర్ల నీళ్ళకు 60 మిల్లీలీటర్లు. అది దొరక్కపోతే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతం పొడి, లీటరుకు 2 గ్రాములు. కార్టాప్ చేపలకు విషం, కొట్టిన నీళ్ళు చెరువులోకి, కుంటలోకి వదలొద్దు. పురుగు చిన్నగా, తక్కువగా ఉన్నప్పుడైతే వేపనూనె 1500 పీపీఎం లీటరుకు 5 మిల్లీలీటర్లు కూడా పనికొస్తుంది. ఏదైనా సరే, ఒక్క మందే. టానిక్ వద్దు, సైపర్‌మెత్రిన్ కలిసినవి వద్దు. మునుపటి లెక్క ఫోరేట్ గుళికలు ఎవరైనా ఇస్తామంటే అసలే వద్దు, 2020 చివరి నుంచి వాటిని దేశంలోనే నిషేధించారు.

డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తుంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మందు తెచ్చిన రోజు డబ్బా నాలుగు వైపులా ఫోటో తీసి పంపమంటాను. బిల్లు కూడా. తేడా వస్తే అడగడానికి ఆధారం అదే. పోయినసారి ఇక్కడి నుంచి మా అమ్మకు రెండు జతల నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు పంపాను. “చేపలమ్మేటామె లెక్క కొడుతున్న” అని నవ్వింది. కానీ వేసుకుంది. వేసుకున్నాకే మూత తీయాలని మరదలితో ఒట్టు పెట్టించుకున్నాను.

ఇంట్లోవాళ్ళకు ఏఈఓ దొరకకపోతే, రైతు వేదిక మూసి ఉంటే, కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 1800-180-1551. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మనం బయటి దేశం నుంచి చేస్తే కలవకపోవచ్చు, ఇంట్లోవాళ్ళతో చేయించండి. ఫోన్ చేసే ముందు చేతిలో మూడు సంగతులు ఉండాలి: నాటి ఎన్ని రోజులైంది, ఏ రకం వరి, ఇరవై దుబ్బుల అంకె ఎంత. అవి చెప్తే అవతలివాళ్ళు కూడా సరైన జవాబిస్తారు.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకు ఒక పక్క మాట. ఊరికి పోయి వచ్చేటప్పుడు, ఇక్కడ ఎవరికో చూపిద్దామని ముడుచుకున్న ఆకులు, వడ్లు, విత్తనాలు సంచిలో పెట్టుకుని రావద్దు. పొలంలో తొక్కిన బూట్లుంటే కడిగి, ఎయిర్‌పోర్ట్ కార్డులో రాయండి. ఫోటో చాలు.

ఈ ఎపిసోడ్ రికార్డు చేసేముందు మస్కట్‌లో ఉన్న తమ్ముడికి ఇదంతా చెప్పాను. వాడి రూమ్‌లో ఆరుగురివీ వరి పొలాలే. శుక్రవారం సెలవు రోజు కూర్చుని అందరూ ఇళ్ళకు ఫోన్ చేసి ఇరవై దుబ్బులు లెక్క పెట్టించారట. ఒకాయన వాళ్ళావిడ, నాకు వేరే పనిలేదా అని ఫోన్ పెట్టేసిందట. మర్నాడు ఆమే చేసి అంకె చెప్పింది. 9.